నిప్పు లోపలికి

నిప్పు బయటికెట్టుకుంటే
సగం సుట్ట గాలే తాగీసుద్ది.
లోపలికెట్టుకుంటే వోన కూడా ఆర్పనేదు.
ఉడుపుల్లో రెండు సేతులూ బురదలో ఉంటే
పెదాలే సేతులు.
మాయమ్మ అలగ నేర్పినాది. నాకప్పుడు పదమూడేళ్లు.
నాలిక మీద బూడిద రాలితే ఉమ్మీడమే,
ఏడవడం నేదు.

కాశిబుగ్గ డాక్టరు టార్చీ ఏసి
నా నోట్లోకి సూసి
సాలాసేపు మాటాడనేదు.
"అంగిలి మూకుడు బోర్లించినట్టున్నాదమ్మా" అన్నాడు.
మూకుడు నాకు తెల్సు. అడుగు మాడితే
పీసేసి తోముతాం.
దీన్నేటేసి తోమీది?

ముక్క తీసి పరీచ్చకి పంపినారు.
ఇంకా ఏటీ నేదన్నారు.
ఆ "ఇంకా" అన్న మాట
నాతోపాటు ఆటో ఎక్కి
పలాస దాకా పక్కనే కూకున్నాది.

అంటించుకునే ప్యాచీలు మాదవి సిస్టరు ఇచ్చినాది.
బీపీ బిళ్ళలు ఏసుకుంటున్నావా,
గుండెకేటైనా ఉన్నాదా అని
ముందు అన్నీ అడిగి రాసుకున్నాది.
"పొద్దున్న లెగిసి కడుక్కుని, బాగా తుడుసుకుని,
నూనె నేని సోట, గాయం నేని సోట అంటించు.
ఇయ్యాల ఎడం జబ్బ, రేపు కుడి జబ్బ, ఎల్లుండి ఈపు.
ఒకే మడిలో ఒకే పంట ఎయ్యవు గదా, తవిటమ్మా!"
అది నాకు అర్దమైనాది.
తక్కినియి తప్పులు సేసి నేర్సుకున్నాను.

మూడో రోజు ఆడపడుసు ఇంట్లో పెళ్లి.
జబ్బ మీద ప్యాచీ ఉండగానే
పందిరి ఎనక్కెల్లి అడ్డపొగ ఏసినాను.
ఒక్కటే.
గుండె రైసుమిల్లు జల్లెడలాగ ఊగీసినాది,
సల్లటి సెమట,
తాగిన మజ్జిగ తిరిగొచ్చీసినాది.
"ఒక్క కుండకి రెండు పొయ్యిలెట్టినావు" అని
సిస్టరు తిట్టినాది. తిట్టాల్సిందే.

పొదుపు మరి మా రగతంలో ఉన్నాది.
ఒకటి రెండు రోజులొస్తాదని
కత్తెరట్టుకున్నాను.
కోస్తే కొలత పోద్దట.
కత్తెర మళ్ళీ మేకుకి తగిలించినాను.

జీడిపిక్కలు ఉడికే బాయిలరు కాడ
ఆవిరి జబ్బకి కొడితే
రోజంతా ఇవ్వాల్సిన మందు
గబగబా కక్కేసుద్దట ప్యాచీ.
కళ్లు తిరిగినాక తెలిసినాది.
మేస్త్రీ దుర్యోదనుడికి సెప్తే ముందు నవ్వినాడు,
తరవాత తొక్క వలిసే కాడికి మార్సినాడు.
కూలి నలబై తగ్గినాది.
ఆ నలబై ఎవులూ లెక్క రాయనేదు.

రాత్రుళ్లు కలలు.
మాయమ్మ గెడ్డ దాటొచ్చి
"ఓలమ్మా, నిప్పుందా" అనడిగీది.
నేదనడానికి నోరొచ్చీది కాదు.
పడుకునే ముందు ప్యాచీ తీసీమన్నారు.
తీసినాక మాయమ్మ రాడం మానీసినాది.
మంచిదో కాదో సెప్పలేను.

తీసినదాన్ని ఒకరోజు గుమ్మం కాడ పారీసినాను.
మనవరాలు లిఖిత దాన్ని
బొమ్మ నుదుటికి బొట్టెట్టి
ఇంకోపాలి తన నుదుటికెట్టుకోబోతన్నాది.
నాను అరిసిన అరుపుకి
పక్కింటోలొచ్చినారు.
అప్పట్నించి జిగురు లోపలికి మడత,
మూత డబ్బాలోకి, పిల్లలకందని సోటుకి.
తరవాత సేతులు కడుక్కోడం.

పెద్ద ప్యాచీ అయిపోయి
ఇప్పుడు మజ్జిది నడస్తన్నాది.
ఇంకా సిన్నది ఉన్నాది.
తీసిన సోట సాయంత్రం దురద,
నాలుగు మూలల ఎర్రటి గుర్తు.

నిన్న ఇరిగిన జీడిబద్ద ఒకటి
మేస్త్రీ సూడకుండా నోట్లో ఏసుకున్నాను.
ముప్పై ఏళ్ళుగా వలిసినాను,
అది తియ్యగుంటాదని
నాకెవులూ సెప్పనేదు.

సూరులో సుట్ట ఒకటి ఉన్నాది.
దండాసి పారీమంటాడు.
అలాగే అంటాను.
పొద్దున్న ప్యాచీ అంటించుకునేటప్పుడు
అటేపు ఒకపాలి సూస్తాను,
ఎడం జబ్బో కుడి జబ్బో గుర్తు తెచ్చుకుంటాను.